వీ-క్రాస్‌కి ఏటీ (ఆల్ టెర్రెయిన్, అన్ని రకాల దారులకు) టైర్లు: నాపరాళ్ళ క్వారీ, నల్లరేగడి చేను, ఎన్‌హెచ్ 44. ఏవి తీసుకోవాలి?

నాపరాయి_దారి (బేతంచెర్ల)

అందరికీ నమస్కారం. నా బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్. టైర్ల సైజు 255/60 ఆర్18. కంపెనీతో వచ్చిన హెచ్‌టీ (హైవే టెర్రెయిన్, తారు రోడ్డుకి) టైర్లు గుండు కావస్తున్నాయి, వానలు మొదలయ్యేలోపు మార్చేయాలి.

వాడకం ఇదీ: వారంలో సగం రోజులు నాపరాయి క్వారీకి పోవాలి. కోవెలకుంట్ల దగ్గర శనగ చేను ఉంది, అంతా నల్లరేగడి. అప్పుడప్పుడూ డోన్ మీదుగా 44 ఎక్కి హైదరాబాద్. కిలోమీటర్లు చూస్తే హైవేవే ఎక్కువ, కానీ టైర్లకు దెబ్బ తగిలేది క్వారీలోనే. ఇప్పటికే ఒక టైరు సైడ్ కట్ అయ్యి పూర్తిగా పోయింది. ఇంకోటి చీలింది కానీ దారాలు బయటపడలేదు, దాన్నే నెట్టుకొస్తున్నా.

ఇక్కడి టైర్ల షాపాయన ఎంటీ (మడ్ టెర్రెయిన్, బురదకి) వేసుకోమంటాడు, "బండికి లుక్ వస్తది సార్" అని. మా బావ ఏమో హెచ్‌టీనే చాలు, డబ్బులు దండగ అంటాడు. నాకు మనసులో ఏటీ ఉంది. సైజు పెంచుకోవచ్చా? ఎల్‌టీ అని రాసి ఉన్నవి మామూలువాటికంటే నిజంగా గట్టివేనా? వెనకాల ఒక్కోసారి అర టన్ను దాకా సరుకు ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

హైలక్స్_హనుమకొండ

ఏటీ వేసెయ్ అన్నా, ఆలోచించకు. ముందు బండి ఫోటో పెట్టు.

గుంటూరు_టైర్లషాపు

నాపరాయి గారూ, మా నాన్నగారి హయాం నుంచి టైర్ల షాపు మాది. కాబట్టి ముందుగా నేను అమ్ముకునే సరుకు గురించే అడ్డంగా మాట్లాడతాను. మీ షాపాయన చెప్పిన ఎంటీ వద్దు. పెద్ద పెద్ద బటన్లు, మధ్యలో వెడల్పు ఖాళీలు ఉంటాయి కాబట్టి బురద బయటికి విసిరేస్తుంది, అది నిజమే. కానీ అదే కారణంగా తడిసిన సిమెంటు రోడ్డు మీద, తారు మీద నేలకు ఆనే రబ్బరు తక్కువ. బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. కర్నూలు దాటేసరికే చెవుల్లో హోరు మొదలవుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

మీ సమస్య ట్రెడ్‌ది (నేలకు ఆనే భాగం) కాదు, సైడ్‌వాల్‌ది (టైరు పక్క భాగం). ఏటీ అని రాసి ఉన్న ప్రతి టైరుకూ పక్క భాగం బలంగా ఉండదు. చాలా టైర్లలో పైన బటన్లు మాత్రమే ఏటీ, లోపల కట్టు మామూలు కారు టైరుదే. మీరు షాపుకి వెళ్ళినప్పుడు ట్రెడ్ చూసి మురిసిపోకుండా సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాలు చదవండి. ట్రెడ్ దగ్గర ఎన్ని పొరలు, సైడ్‌వాల్ దగ్గర ఎన్ని పొరలు అన్నది అక్కడే పోత పోసి ఉంటుంది. సైడ్‌వాల్ పాలియెస్టర్ 1 అని ఉంటే ఒక్క పొర. 2 అంటే నయం. బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 లాంటివాటిలో 3 ఉంటాయి.

లెక్కల_మాస్టారు (తిరుపతి)

సైజు ప్రశ్నకు జవాబు నేను చెప్తాను.

255/60 ఆర్18 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, అంటే 153. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457. మొత్తం టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు. అదే 265/60 ఆర్18 వేస్తే 775. తేడా 12 మిల్లీమీటర్లు, శాతంలో 1.6. మీ మీటరు 100 చూపిస్తున్నప్పుడు ఇదివరకటికంటే గంటకు కిలోమీటరున్నర వేగం ఎక్కువ ఉంటుంది, అంతే. బండి ఎత్తు పెరిగేది అందులో సగం, 6 మిల్లీమీటర్లు. అది కంటికి ఆనదు.

265/65 ఆర్18కి వెళితే 802 అవుతుంది, 5 శాతం పెద్దది. అక్కడి నుంచి తిప్పలు మొదలు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోవచ్చు, గేర్లు బరువెక్కినట్టు ఉంటాయి, స్టెప్నీ బండి కింద తన చోట్లో పట్టకపోవచ్చు.

265/60 ఆర్18 వల్ల ఇంకో లాభం ఏమిటంటే అది టయోటా ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్, హైలక్స్ సైజు. దారిలో ఎక్కడ టైరు పోయినా ఆ సైజు దొరకడం తేలిక. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉందని మరచిపోవద్దు. తయారీదారు చెప్పిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చకూడదు అన్నది దాని సారాంశం. మీ కంపెనీ పుస్తకంలో ఏ సైజులు రాసి ఉన్నాయో చూసి, ఇన్సూరెన్సువాళ్ళను కూడా రాతపూర్వకంగా అడిగి ముందుకు వెళ్ళండి.

హైలక్స్_హనుమకొండ

మాస్టారూ, ఊళ్ళో సగం బండ్లకు పెద్ద టైర్లే ఉన్నాయి, ఎవరిని ఆపుతున్నారు?

లెక్కల_మాస్టారు (తిరుపతి)

రోడ్డు మీద ఆపకపోవచ్చు నాయనా. యాక్సిడెంటు అయ్యాక ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి టైరు మీద నంబరు చదువుతాడు, నేను చెప్పేది అది.

మన్యం_ఘాట్ (పాడేరు)

నేను హెచ్‌టీ పక్షం. నాపరాయి గారి బావగారి మాట తీసిపారేయకండి. మా పాడేరు ఘాట్‌లో వానాకాలం నెలల తరబడి రోడ్డు తడిగానే ఉంటుంది. మలుపులో లోడుతో దిగేటప్పుడు మంచి హెచ్‌టీ ఇచ్చే నమ్మకం నాకు ఏ ఏటీ ఇవ్వలేదు. టైరు ఎంపికలో జనం మర్చిపోయేది ఇదే. దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగుతుంది. తడి రోడ్డు మీద ఆగకపోతే ఎవరు లాగుతారు?

ఏటీనే కొనాలనుకుంటే ఒక పని చేయండి. బటన్ల మీద సన్నటి చీలికలు ఉంటాయి, వాటిని సైప్స్ అంటారు. అవి ఎన్ని ఉన్నాయో, ఎంత లోతుకు దిగాయో చూడండి. నీటి పొరను చీల్చి రోడ్డును పట్టుకునేవి ఆ అంచులే. కొన్ని చవక టైర్లలో అవి పైపైన గీసినట్టు ఉంటాయి. టైరు సగం అరిగేసరికి మాయం. ఆ తరువాత మీ దగ్గర ఉండేది మొద్దు బటన్లు మాత్రమే.

కొలరాడో_తెలుగోడు (డెన్వర్)

ఇక్కడ నాది టయోటా టకోమా, 265/65 ఆర్17. మన్యం గారితో సగం ఏకీభవిస్తాను. ఏటీలు అన్నీ ఒకలా ఉండవు. ఇక్కడ పర్వతం బొమ్మలో మంచు రవ్వ గుర్తు ఉన్న ఏటీలు ఉంటాయి. చలికాలం ఐ-70 హైవే మీద కొండల్లోకి పోవాలంటే కొలరాడో ట్రాక్షన్ లా ప్రకారం ఫోర్ బై ఫోర్ బండికి కూడా ట్రెడ్ లోతు కనీసం అంగుళంలో పదహారో వంతులు 3 ఉండాలి, అంటే 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఇండియాలో మామూలు కొలత 1.6 మిల్లీమీటర్లు. గాడిలో అడ్డంగా చిన్న గట్టులా కనిపించే గుర్తు దాకా అరిగితే మార్చాలంటారు కదా, అదే.

ఆ మంచు గుర్తు చూసి మాత్రం మీరు డబ్బులు ఎక్కువ పెట్టవద్దు. ఆ పరీక్ష మంచు మీద బండి ముందుకు కదలడానికి టైరు ఎంత పట్టు ఇస్తుందన్నది. బ్రేకింగు కాదు, మలుపు కాదు. బేతంచెర్లలో దానితో పని లేదు.

ఎల్‌టీ సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ కట్టు. పొరలు ఎక్కువ, రబ్బరు మందం, బరువూ ఎక్కువ. లోడ్ రేంజ్ సీ అంటే పాత లెక్కలో 6 ప్లై (పొరలంత బలం), ఈ అంటే 10 ప్లై. మెలిక ఏమిటంటే, ఒకే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కంపెనీ టైరుకి రాసింది. అదే గాలి ఎల్‌టీకి కొడితే చూడటానికి బాగానే ఉంటుంది, లోపల గాలి చాలదు. కొత్త టైరు తయారీదారు లోడ్ టేబుల్ చూసి ఎంత కొట్టాలో తేల్చుకోండి.

గుంటూరు_టైర్లషాపు

డెన్వర్ సోదరుడు బంగారం లాంటి మాట చెప్పాడు. మా షాపులో రోజూ జరిగే గొడవ ఇదే. ఎల్‌టీ వేయించుకుని, పాత గాలే కొట్టించుకుని, నెలకి వచ్చి "టైరు అంచులు అరిగిపోతున్నాయి, మాల్ బాగోలేదు" అంటారు.

రేగడి_రైతు (ఆళ్ళగడ్డ)

నాపరాయన్నా, మనది పక్కపక్కనే. టైర్ల సంగతి వాళ్ళు చెప్పనీ, రేగడి సంగతి నేను చెప్తా. ఒక వాన పడిందంటే మన నేలలో ఏటీ లేదు, ఎంటీ లేదు. ఆ బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, గాళ్ళలో ఇరుక్కుని రాదు. రెండు చుట్లు తిరిగేసరికి టైరు నున్నగా, నల్లగా, బటన్ ఎక్కడుందో తెలియకుండా అవుతుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు) పెట్టి యాక్సిలేటరు తొక్కితే ఇరుసు దాకా దిగుతుంది, మడ్‌ఫ్లాపులు ఊడొస్తాయి. బండి గట్టు మీద ఆపి చేలోకి నడిచి పో. ఎకరానికి ఎంత నడవాలి చెప్పు?

కాబట్టి చేను కోసమని టైరు ఎంచకు. ఎండినప్పుడు ఏ టైరైనా పోతుంది. తడిసినప్పుడు ఏదీ పోదు.

హైలక్స్_హనుమకొండ

అంకుల్ ఏటీ మీద పగబట్టినట్టున్నారు 😀

రేగడి_రైతు (ఆళ్ళగడ్డ)

ఏటీ మీద కాదు నాయనా, లాగడానికి వచ్చిన ట్రాక్టరు వాడు అడిగే రేటు మీద.

నాపరాయి_దారి (బేతంచెర్ల)

అందరికీ ధన్యవాదాలు. రేగడి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేనే చేనును లెక్కలోకి తెచ్చి ప్రశ్నను గజిబిజి చేసినట్టున్నాను.

క్వారీ దారి ఎలా ఉంటుందో చెప్తాను, తెలియనివాళ్ళు ఊహించలేరు. నాపరాయి కోసేటప్పుడు పనికిరాని ముక్కలు కుప్పలు కుప్పలుగా పడతాయి. దారి గుంతలు పడితే ఆ ముక్కలే తెచ్చి పోస్తారు. అరచేయంత ముక్క నుంచి తలుపంత పలక దాకా ఉంటాయి. అవి గుండ్రాళ్ళు కాదు, పొరలుగా విడిపోయే రాయి, అంచు పదును. టైరు ఒక కొన మీద ఎక్కితే రెండో కొన పైకి లేచి సైడ్‌వాల్‌ను గీస్తుంది. నా మొదటి టైరు అలాగే పోయింది. వాలు దాటుతుంటే "టప్" అన్న చప్పుడు, తరువాత గాలి కూత. దిగి చూస్తే నాలుగు వేళ్ళంత అడ్డకోత, లోపల తెల్లటి దారాలు. పంక్చరు షాపతను ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపాడు.

గుంటూరు_టైర్లషాపు

అతను సరిగ్గానే చేశాడు. ట్రెడ్ మధ్యలో మేకు దిగితే మష్రూమ్ ప్యాచ్ వేయొచ్చు. సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ వంగుతూ లేస్తూ ఉంటుంది, అక్కడ ప్యాచ్ నిలవదు. ఎవరైనా వేసి ఇస్తామంటే ఆ టైరు హైవే ఎక్కించకండి.

ఇంకో సంగతి. తడిసిన రబ్బరు రాయికి త్వరగా తెగుతుంది, నీళ్ళు కోతకు నూనెలా పనిచేస్తాయి. మీకు వానాకాలంలో కోతలు ఎక్కువవుతుంటే అది మీ భ్రమ కాదు.

మన్యం_ఘాట్ (పాడేరు)

రాళ్ళ మీద గాలి తగ్గించి పోతే టైరు రాయిని చుట్టుకుని మెత్తగా దాటుతుంది కదా? నేను అలాగే చేస్తాను.

కొలరాడో_తెలుగోడు (డెన్వర్)

గుండ్రాళ్ళకు, ఇసుకకు అయితే అవును. బీచి ఇసుకలో అయితే 18-20 పీఎస్ఐ దాకా దించుతారు. కానీ గాలి దించితే సైడ్‌వాల్ బయటికి ఉబ్బుతుంది. ఆయన దారిలో రాయి కొన తగిలేది అక్కడే. నాపరాళ్ళ మీద నేనైతే కొద్దిగా మాత్రమే దించి, నడక వేగంతో, చక్రం ఎక్కడ పెడుతున్నానో తల బయట పెట్టి చూసుకుంటూ పోతాను. దించిన గాలి తిరిగి నింపకుండా హైవే ఎక్కకూడదు. చిన్న కంప్రెసరు బండిలో పడేసుకోండి, టైరు కన్నా చాలా చవక.

లెక్కల_మాస్టారు (తిరుపతి)

గాలి మాట వచ్చింది కాబట్టి. టైరు ఉష్ణోగ్రత 5-6 డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. మే నెలలో కర్నూలు బంకులో మధ్యాహ్నం చూసి "అమ్మో ఎక్కువైంది" అని వదిలేసేవాళ్ళు ఉన్నారు. వద్దు. పొద్దున్నే, బండి కదలకముందు చూసిన గాలే లెక్క. ఎండాకాలం టైర్లు పేలేది ఎక్కువ గాలి వల్లనే అని మనవాళ్ళ నమ్మకం. తక్కువ గాలితో పరిగెత్తే టైరు పక్కలు అదే పనిగా వంగి వేడెక్కిపోతుంది, పేలుళ్ళకు అసలు కారణం చాలాసార్లు అదే.

కొత్త టైరుకి ఎంత గాలి నప్పుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దముక్కతో అడ్డంగా ఒక పట్టీ గీయండి. చదునైన రోడ్డు మీద తిన్నగా కాస్త దూరం నడిపి దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ, అంతటా సమంగా పోతే సరిపోయినట్టు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి చేయండి, పికప్‌కి రెండూ ఒకటి కావు.

వైజాగ్_కుర్రాడు

బ్రో, యోకోహామా ఫ్యాక్టరీ మా అచ్యుతాపురంలోనే ఉంది. అక్కడికే వచ్చి డైరెక్టుగా కొనుక్కోవచ్చేమో?

గుంటూరు_టైర్లషాపు

తమ్ముడూ, 2022లో అచ్యుతాపురంలో మొదలైంది ఆఫ్-హైవే టైర్ల ఫ్యాక్టరీ, పొలాల్లో, గనుల్లో తిరిగే యంత్రాలవి. పికప్ టైర్లు అక్కడ దొరకవు. మన రాష్ట్రంలో చేసే కారు టైర్లు కావాలంటే చిన్నపండూరులో అపోలో ఉంది. ఏటీలో వాళ్ళ ఆప్‌టెర్రా ఏటీ2 ఒకటి. ఏ సైజు ఏ ప్లాంటులో చేస్తారన్నది వేరే సంగతి.

మోడరేటర్

ఫ్యాక్టరీల చర్చ ఇక్కడితో ఆపి టైర్ల మీదకి రండి. ఇసుజు కూడా శ్రీసిటీలోనే తయారవుతుందని ఎవరో ఒకరు రాసేలోపే నేనే రాసేస్తున్నాను, 2016 నుంచి. ఇక ఆ ముచ్చట చాలు.

నాపరాయి_దారి (బేతంచెర్ల)

😀 సరే సార్. హైదరాబాద్‌లో రెండు చోట్ల కనుక్కున్నాను. మూడు పొరల సైడ్‌వాల్ ఉన్న దిగుమతి ఎల్‌టీ టైరు 265/60 ఆర్18లో దొరుకుతుంది, 119/116 ఎస్ అని రాసి ఉంది. ఐదు టైర్లకు లక్ష దాటిపోతోంది. ఇక్కడే తయారైన మామూలు ఏటీ అయితే అందులో సగానికి అటూ ఇటూగా వస్తుంది. కొంత డబ్బు మిగులుతుందని నాలుగే మార్చి, స్టెప్నీ పాతదే ఉంచుదామా?

లెక్కల_మాస్టారు (తిరుపతి)

119 అంటే ఒక్క టైరు 1,360 కిలోలు మోస్తుంది. 116 జంట టైర్లు ఉన్న బండికి, మీకు అక్కర్లేదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా. అర టన్ను సరుకుకి ఇది మించిపోయి ఉంది. 110 ఉన్న టైరు కూడా 1,060 కిలోలు మోస్తుంది కాబట్టి కేవలం బరువు కోసం ఎల్‌టీ కొనాల్సిన పని లేదు. మీరు డబ్బులు పెట్టేది కోతల నుంచి కాపాడుకోవడానికి, ఆ స్పష్టతతో కొనండి.

కొలరాడో_తెలుగోడు (డెన్వర్)

స్టెప్నీ కూడా అదే టైరు అయ్యి తీరాలి. మీది పార్ట్-టైమ్ ఫోర్ బై ఫోర్, మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. ఫోర్ హైలో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరుగుతాయి. ఒక టైరు 12 మిల్లీమీటర్లు చిన్నదైతే ఆ తేడా అంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. క్వారీలో టైరు పోయేది సరిగ్గా ఫోర్ బై ఫోర్ అవసరమైన చోటే కదా.

ఐదింటినీ తిప్పుతూ వాడండి. సుమారు 8,000 కిలోమీటర్లకు ఒకసారి వెనకవి తిన్నగా ముందుకి, ముందువి అటుదిటు ఇటుదటు చేసి వెనక్కి, మధ్యలో స్టెప్నీని వరసలో కలపండి. ఏటీ బటన్లు తిప్పకుండా వదిలేస్తే ఒక అంచు లేచి ఒక అంచు అరిగి రంపం పళ్ళలా తయారవుతాయి. ఏటీ హోరు అని జనం తిట్టే చప్పుడు సగం ఇదే.

మన్యం_ఘాట్ (పాడేరు)

మైలేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు. బరువైన ఎల్‌టీ వేస్తే తగ్గుతుంది. స్టీరింగు కొంచెం మొద్దుబారుతుంది, గతుకుల మీద ఖాళీ బండి ఎగురుతుంది. హైవే ఎక్కువ నడిపేవాళ్ళు ఇవన్నీ ఒప్పుకునే వేయించుకోవాలి.

గుంటూరు_టైర్లషాపు

మన్యం గారి మాట న్యాయం. అయినా నాపరాయి గారికి నా ఓటు మూడు పొరల టైరుకే. ఏడాదికి ఒకటి రెండు టైర్లు సైడ్ కట్‌తో పారేసేవాడికి చవక టైరు చవక కాదు.

కొనేటప్పుడు మూడు చూడండి. ఒకటి, ఐఎస్ఐ గుర్తు. మన దేశంలో అమ్మే టైరుకి అది ఉండాలి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి లైసెన్సు లేకుండా కుదరదు. అప్పటి నుంచి ఎక్కడెక్కడి పాత స్టాకో తిరుగుతోంది. రెండు, తయారీ తేదీ. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2219 అంటే 2019లో 22వ వారం. అది టైరుకి ఒక పక్కే ఉంటుంది, లోపలి వైపు పడితే బిగించాక కనపడదు, ముందే చూడాలి. మూడు, బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత లెక్కలో కోట్ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నాపరాయి_దారి (బేతంచెర్ల)

తేల్చేశాను. మూడు పొరల ఎల్‌టీ, 265/60, ఐదూ ఒకటే. ఇన్సూరెన్సువాళ్ళకు మెయిలు పెట్టాను, జవాబు వచ్చాకే బిగిస్తా. వాళ్ళు కాదంటే అదే రకం కట్టు కంపెనీ సైజులో దొరికేదాకా ఆగుతా. మా బావకి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. "అయితే పాత నాలుగూ నా బొలేరోకి ఇచ్చెయ్" అన్నాడు.

లెక్కల_మాస్టారు (తిరుపతి)

మీవి 18 అంగుళాల రిమ్ముకి. బొలేరో రిమ్ము చిన్నది, పట్టవని చెప్పండి. పైగా అందులో ఒకటి చీలింది అన్నారు.

నాపరాయి_దారి (బేతంచెర్ల)

చెప్పాను మాస్టారూ. ఎడ్లబండికైనా వేసుకుంటానంటున్నాడు.